మూడు తలలు దువ్విన కొమ్ము దువ్వెన

“వీడికి కూడా వాళ్ళ తాత తలే వస్తుందేమోనండీ!”

ఈ మాట అన్నది సీతారత్నం. కొడుకును ఉయ్యాల్లో వేసిన రోజున అంది. పిల్లాడి తల నిండా నల్లటి ఒత్తు జుట్టు. చూడవచ్చిన ఆడవాళ్ళు “ఎంత జుట్టే తల్లీ, జడ వేసేయొచ్చు” అని మురిసిపోతుంటే, కన్నతల్లి మాత్రం ఆ జుట్టంతా రాలిపోయే రోజును తలుచుకుని కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. భర్త వీర్రాజు తన నున్నటి తల నిమురుకుంటూ, “ముందు వాణ్ణి బోర్లా పడనీవే. జుట్టు సంగతి తర్వాత ఏడుద్దాం” అన్నాడు.

నేను ఒక కొమ్ము దువ్వెనను. ఆ రోజు ఉయ్యాల పక్క గూట్లో కాటుక భరిణెకు ఆనుకుని ఆ మాట విన్నాను. ఆ ఇంట్లో భయం దగ్గులాంటిది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. నాకూ అంటుకుంది. అయినా నా భయానికి వేరే కారణం ఉంది లెండి. జుట్టు పోతే మనిషికి అందం పోతుంది, నాకు ఉద్యోగం పోతుంది. కాబట్టి నేను చెప్పేదాంట్లో నా స్వార్థం కొంచెం కలిసే ఉంటుంది. ప్రస్తుతం నా పని ఒక ప్లాస్టిక్ బొమ్మ తల దువ్వడం. ఆ బొమ్మకు కూడా నడినెత్తిన పలచబడుతోంది. నా జాతకమే అలాంటిది. ఆ బొమ్మ ఎవరిదని తొందరపడకండి, చెబుతాను.

నా పుట్టుక ఒక దున్నపోతు నెత్తి మీద. ఆ దున్నకు తల మీద వెంట్రుక లేదు, లేదన్న విచారమూ లేదు. ఆ సంగతి అప్పుడే గమనించి ఉంటే ఇన్నేళ్ళు ఇంత బెంగ పడేదాన్ని కాదు. అది పోయాక కొమ్ముపని చేసే ఒక ముసలాయన నన్ను నిప్పుల సెగన కాచి, రెండు చెక్కల మధ్య అదిమి చదును చేశాడు. సన్నటి రంపంతో పళ్ళు కోశాడు. బూడిదతో రుద్ది రుద్ది నునుపు చేసి, ఎలా ఉందో చూద్దామని తన తలకే పెట్టుకున్నాడు. పెట్టుకుంటే సర్రున జారి మెడ మీదికి వచ్చాను. దువ్వెనలు చేసేవాడికి బట్టతల! శకునం అక్కడే చెడింది.

ఒక తీర్థంలో పూసలు, పిన్నులు, రిబ్బన్లు అమ్మే ఆవిడ బుట్టలోంచి నన్ను ఏరుకున్నది వీర్రాజు తండ్రి సుబ్బారాయుడు. ఆయన నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. పద్యం ఎత్తుకున్నప్పుడల్లా జుట్టు నుదుటి మీద పడేది, రాగం ముగియగానే తల విదిలించి వెనక్కి వేసేవాడు. జనం చప్పట్లు రాగానికో జుట్టుకో ఆయనకే తెలియదు. అలాంటి జుట్టు చూస్తూ చూస్తూ ఉండగానే వెళ్ళిపోయింది. తల విదిలించే అలవాటు మాత్రం పోలేదు. జుట్టు లేని తలను ఆయన అలా విదిలిస్తుంటే ముందు వరసలో పిల్లలు, ఈగలు తోలుకుంటున్నాడనుకునేవారు. పోయేదాకా నన్ను జేబులోనే పెట్టుకున్నాడు, పని లేకపోయినా.

ఆయన నుంచి వీర్రాజుకు మూడు ఆస్తులు వచ్చాయి. గూడెంలో పెంకుటిల్లు, నేను, ఆ తల. వీర్రాజు ఆర్టీసీలో కండక్టరు. పెళ్ళినాటికే నడినెత్తి ఖాళీ. అయితే ఎడమ చెవి మీద జుట్టును బాగా పెంచి, దాన్ని నా చేత తల మీదుగా కుడి చెవిదాకా లాగించి, కొబ్బరినూనెతో అతికించేవాడు. బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడితే గాలికి అది డబ్బా మూతలా లేచేది. ప్రయాణికులు టిక్కెట్టు తీసుకోవడం మర్చిపోయి చూసేవారు.

ఆ మూతను చూసే సీతారత్నం వాళ్ళు మోసపోయారు. పెళ్ళిపీటల మీద జీలకర్రా బెల్లం పెట్టినప్పుడు కానీ సంగతి బయటపడలేదు. అడ్డుతెర అవతల నుంచి చెయ్యి చాచి పెళ్ళికొడుకు నెత్తిన ముద్ద అదిమితే, ఆ మూత పక్కకు జారి, అరచేతికి చల్లగా, నున్నగా తగిలింది. పెళ్ళికూతురు ఉలిక్కిపడి పక్కకు తడిమింది. అక్కడా నున్నగానే. ముద్ద జారి పురోహితుడి ఒళ్ళో పడింది. ముహూర్తం మించిపోతోందని వాయిద్యాలు గట్టిగా వాయించేశారు. ఈ కథ ఆ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నా నవ్వే. వీర్రాజే ముందు నవ్వుతాడు. రత్నం కూడా నవ్వుతుంది కానీ, నవ్వాక కొడుకు తల వంక ఒకసారి చూసుకుంటుంది.

ఆ కొడుకు పేరు ఫణిభూషణ్. పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీస్తాడు. అప్పుల జోలికి పోకుండా సొంతంగా ఒక డ్రోన్ కొనుక్కున్నాడు. దాన్ని మొదటిసారి ఇంటి పెరట్లో ఎగరేసిన రోజునే మా కొంప మునిగింది.

అది అరటిచెట్ల పైకి లేచింది. చేతిలోని తెర మీద పెరడంతా కనబడుతోంది. తల్లీదండ్రీ చెరోపక్క నుంచీ తొంగి చూస్తున్నారు. తెర మధ్యలో గుండ్రంగా, తెల్లగా ఏదో మెరిసింది.

“నాన్నా, నువ్వు కొంచెం పక్కకు జరుగు. నీ తల ఫ్రేములోకి వస్తోంది” అన్నాడు ఫణి.

వీర్రాజు జరిగాడు. మెరుపు జరగలేదు.

“నేనిటున్నాను కదరా” అన్నాడు వీర్రాజు. “మరి ఆ గుండాయనెవడు?”

ఫణి మెల్లగా తన సుడి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తెర మీద ఆ మెరుపు మీదికి కూడా ఒక చెయ్యి వచ్చింది. అందరి తలలూ పైనుంచి తీసే కుర్రాడికి తన తల పైనుంచి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. అప్పటికే వీర్రాజు చేతి నుంచి వాడి జేబులోకి మారిన నేను ఎప్పటినుంచో ఎరుగుదును. చెప్పడానికి నోరు లేకపోయింది, ఉన్నవన్నీ పళ్ళే.

“నేను ఉయ్యాల నాడే చెప్పాను” అంది రత్నం.

ఇక వైద్యం మొదలైంది. గుంటగలగరాకు నూనె, మందారాకు పసరు, కోడిగుడ్డు సొన, ఉల్లిపాయ రసం. ఉల్లిపాయ వారాల్లో ఫణి వెళ్ళిన పెళ్ళిళ్ళలో జనం పకోడీలు ఎక్కడ పెట్టారని వెతుక్కునేవారు. నా పళ్ళ సందుల్లో ఆ వాసన ఇప్పటికీ ఉంది. జుట్టు మాత్రం రాలే దారి మానలేదు. రత్నం పొద్దున్నే నా పళ్ళలో చిక్కిన వెంట్రుకలు తీసి, వేలికి చుట్టి, తూ తూ అని ఉమ్మి పారేసేది. ఆ ఉండ రోజురోజుకీ లావవుతుంటే ఆమె మొహం సన్నబడేది.

చివరికి ఫణి చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను, చొక్కా జేబులో. ఆవిడ తల పరీక్షించి, రాసుకోవడానికి ఒక మందు, రోజుకొకటి మింగడానికి మాత్రలు ఇచ్చింది.

“ఇది చాలామందికి పనిచేస్తుంది” అంది. “మొదట్లో ఇంకా ఎక్కువ రాలొచ్చు, కంగారు పడకు. వచ్చింది నిలవాలంటే వాడుతూనే ఉండాలి, ఆపితే మళ్ళీ మామూలే. కొద్దిమందికి ఈ మాత్రతో మగతనం విషయంలో ఇబ్బంది వస్తుంది, కోరిక తగ్గుతుంది. మనసు దిగాలుగా ఉండొచ్చు. అలా అనిపిస్తే సిగ్గుపడి దాచుకోకుండా వచ్చి చెప్పు. ఆపేద్దాం. ఆపితే చాలామందికి సర్దుకుంటుంది. అరుదుగా కొందరికి టైం పడుతుంది.”

“మా చిట్టిబాబు ఇవే వాడతాడండి. వాడికేం కాలేదు, జుట్టు ఎలుగుబంటిలా ఉంది” అన్నాడు ఫణి. చిట్టిబాబంటే వీడితో పాటు లైట్లు పట్టే స్నేహితుడు.

“ఎలుగుబంటికి పడింది నీకు పడాలని లేదు కదా నాన్నా” అంది డాక్టరమ్మ.

ఫణి ఆ హెచ్చరికల్లో ఒక్కటీ ఇంట్లో చెప్పలేదు. నాకైతే చెప్పకపోవడమే మంచిదనిపించింది. జుట్టు వస్తుందన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

మందు మొదలెట్టగానే డాక్టరమ్మ అన్నట్టే జుట్టు గుత్తులుగా ఊడింది. రత్నం నన్ను చూసి కెవ్వుమంది. “ఏవండీ, మందేస్తే ఇంకా రాలడమేంటండీ! ఇది జుట్టు మొలిపించే మందా, పీకే మందా?” కొడుకు ఇంట్లో లేడు. మాత్రల డబ్బాలో మడతలు మడతలుగా ఉన్న కాగితం తీసింది. అంతా ఇంగ్లీషు. రత్నం చదివింది ఏడో తరగతి వరకే. అయినా ఫోటో తీస్తే ఫోను తెలుగులో చదివి వినిపిస్తుందని కొడుకే ఒకసారి నేర్పాడు. తీసింది. నొక్కింది. ఫోను శబ్దం మాత్రం భక్తి పాటలకు పెట్టినంత గట్టిగా ఉంది.

వీర్రాజు వరండాలో గడ్డం గీసుకుంటున్నాడు. గ్యాసు సిలిండరు తెచ్చినతను గుమ్మంలో నిలబడ్డాడు. ఫోను వంటింట్లోంచి వార్తలు చదివినట్టు చదవడం మొదలెట్టింది.

“లైంగిక కోరిక తగ్గుదల. అంగస్తంభనలో ఇబ్బంది.”

వీర్రాజుకు గడ్డం తెగింది. రత్నానికి దాన్ని ఆపడం తెలియక గబగబా బియ్యం గిన్నె మూత వేసేసింది. మూత కింద నుంచి ఆ గొంతు గంభీరంగా, గుళ్ళో మైకులా, “రొమ్ములలో వాపు. నిరాశ. దిగులు” అంటూనే ఉంది.

సిలిండరతను తల దించుకుని, “చిల్లర రేపిద్దురుగాని లెండి బాబాయిగారూ” అని, వీర్రాజు వంక చాలా జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

“అవి జుట్టు మాత్రలురా, నావి కావు!” అని వీర్రాజు గేటుదాకా పరిగెత్తాడు. నున్నటి తలతో పరిగెడుతున్నాడు కాబట్టి అతను నమ్మే ఉంటాడు.

ఆ రోజు నుంచి రత్నానికి నిద్ర లేదు. ఒక కంటితో జుట్టు చూస్తుంది, ఇంకో కంటితో కొడుకును చూస్తుంది. జుట్టు వస్తే పెళ్ళవుతుంది. పెళ్ళయ్యాక? ఆ తర్వాత మాట ఆమె పైకి అనలేదు. సున్నుండలు చుట్టింది. నువ్వులుండలు చుట్టింది. మునక్కాయ లేని కూర వండటం మానేసింది.

“ఇన్ని సున్నుండలేంటమ్మా?” అన్నాడు ఫణి.

“జుట్టుకు మంచిదిరా” అంది కొడుకు కళ్ళలోకి చూడకుండా.

“మరి నాన్నకు పెట్టవేం?”

“ఇప్పుడాయనకెందుకు!”

ఒక శనివారం, చేతిలో నన్నూ, నా పళ్ళలోని వెంట్రుకలనూ పట్టుకుని, దేవుడి పటాల ముందు నిలబడి మొక్కేసింది. “స్వామీ, చిన్నవెంకన్నబాబూ! వీడి తల నిండితే, ఆ నిండిన తలనీలాలు నీ చిన్నతిరుపతి కొండ మీదే ఇప్పిస్తాను.”

నేను విన్నాను. నా పళ్ళు జివ్వుమన్నాయి. తల్లీ, ఏం మొక్కావో తెలుసా? జుట్టు రావాలని మొక్కుతూ, వస్తే తీసేయిస్తానన్నావు! ఇంకేదైనా లేదా? కొబ్బరికాయలు లేవా? కానీ వాళ్ళు కష్టం వస్తే మొక్కేది అదే. వాళ్ళమ్మా అదే మొక్కింది, వాళ్ళమ్మమ్మా అదే మొక్కింది. కష్టం తల మీదే వచ్చిందన్న సంగతి ఆ కంగారులో ఆమెకు తట్టలేదు.

మందు పనిచేసింది. అది ఒప్పుకోవాలి. కొన్ని నెలలు గడిచేసరికి సుడి దగ్గర నూగు మొలిచింది, నూగు నల్లబడింది, నల్లబడింది ఒత్తుగా మారింది. ఎన్నాళ్ళకు నా పళ్ళకు కాస్త ఎదురు తగిలిందో! రత్నం సంబరపడి పొరుగువాళ్ళను పిలిచి చూపించింది. ఫణి డ్రోన్ ఎగరేస్తే తెర మీద మెరిసేది వీర్రాజు ఒక్కడే. తణుకు నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు ఇందుమతి, బ్లౌజులకు మగ్గం పని చేస్తుంది. చూపుల నాడు ఫణి అలవాటుకొద్దీ టోపీతోనే వెళ్ళాడు. కాఫీ ఇస్తూ ఆ పిల్ల, “ఎండ ఇంట్లోకి రాదండి, తియ్యొచ్చు” అంది. తీశాడు. నిండు తల. ఇద్దరూ నవ్వుకున్నారు. మాట ఖాయమైంది.

అప్పుడు గుర్తొచ్చింది రత్నానికి మొక్కు. కొండకు పోతే గుండు. గుండుతో పీటల మీద కూర్చుంటే జీలకర్రా బెల్లం మళ్ళీ జారుతుంది, జారిందంటే చరిత్ర మళ్ళీ మొదలు. పోకపోతే స్వామికి కోపం. ఏది చేసినా కీడే. పెళ్ళయ్యాక చూద్దాంలే స్వామీ అని రోజూ పటానికి నచ్చజెబుతోంది.

కానీ ఆ లోపల ఇంకొకటి జరుగుతోంది, జుట్టు సంబరంలో ఎవరూ పట్టించుకోనిది. ఫణి ఈల వెయ్యడం మానేశాడు. ఇదివరకు అద్దం ముందు నన్ను పట్టుకుంటే నాకూ వాడికీ అదొక ఆట. ఇప్పుడు దువ్వుకుంటాడు, అద్దం చూడడు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద చేతిలోనే ఉంటుంది. ముహూర్తం అంటే “తొందరేముంది” అంటాడు. ఒకసారి వరండాలో ఫోను మాట్లాడుతుంటే జేబులోంచి ఇందుమతి గొంతు విన్నాను.

“మీకు నేను నచ్చలేదాండీ? నచ్చకపోతే చెప్పేయండి, నేనేం అనుకోను. ఇలా నాన్చొద్దు.”

“అది కాదు ఇందూ...” అన్నాడు. అవతల ఫోను పెట్టేసింది. గుమ్మం వెనక రత్నం నిలబడి ఉంది. ఆమెకు అంతా అర్థమైపోయింది. ఆమె భయపడ్డది మళ్ళీ నిజంగానే వచ్చి ఇంట్లో కూర్చుంది. ఈసారి “నేనప్పుడే చెప్పాను” అనలేదు.

భర్తను పట్టుకుంది. “మీరూ వాడూ మగాళ్ళు. ఒక్కమాట అడగండి.”

వీర్రాజు పెరట్లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

“అడిగారా?”

“అడిగాను. ఆ డ్రోను బ్యాటరీ ఉందే, ఎండలో పెట్టకూడదంట. ఉబ్బుతుందంట.”

“అది అడగమన్నానా మిమ్మల్ని!”

“నోరు రాలేదే” అన్నాడు వీర్రాజు, తల నిమురుకుంటూ. “వాడూ చెప్పేలా ఉన్నాడు, నేనూ అడిగేలా ఉన్నాను. మధ్యలో ఆ బ్యాటరీ వచ్చింది.”

ఆదివారం పొద్దున్న కొడుక్కి తలంటింది రత్నం. వరండాలో పీట మీద కూర్చోబెట్టి, తడి ఆరాక నన్ను చేతిలోకి తీసుకుంది. ఎదురెదురుగా అయితే మాట రాదని కాబోలు, వాడి వెనక నిలబడి దువ్వడం మొదలెట్టింది. నిజంగానే మంచి జుట్టు. నా ఆయుష్షులో అంత ఒత్తైన దాంట్లో నేను ఎప్పుడూ దిగలేదు. ఇలా ఉండిపోతే చాలనిపించింది.

“నాన్నా, ఫణీ” అంది. చెయ్యి ఆగింది, నేను సగంలో ఆగాను. “ఆ మాత్రలు నీకు పడట్లేదు కదూ? ఆ కాగితంలో ఉన్నదంతా నేను విన్నాను. నాకు చెప్పడానికి సిగ్గైతే చెప్పకు. నేను కూడా ఇటే చూస్తాను, నువ్వు అటే చూడు. కానీ లోపల పెట్టుకుని కుమిలిపోకురా.”

ఫణి ఒళ్ళోని తడి తువ్వాలును మడతలు పెట్టసాగాడు.

“ఇంకోటి కూడా ఉంది. నువ్వు తిట్టినా సరే. నీ తల నిండితే గుండు చేయిస్తానని చిన్నవెంకన్నకు మొక్కేశాను. బుర్ర లేక మొక్కాను. నువ్వు ఆ మాత్రలు వేసుకుంటూ జుట్టు ఉంచుకుంటావో, మానేసి వదులుకుంటావో నీ ఇష్టం. స్వామికి ఏదో ఒకటి నేను చెప్పుకుంటాను. కావాలంటే నా జడ ఇస్తాను. నాకు నువ్వు నవ్వితే చాలు.”



పక్కింటి వాళ్ళ గ్రైండరు తిరిగి తిరిగి ఆగిపోయింది. అరటాకు మీద కాకి వాలి, ఎగిరిపోయింది. గదిలో పేపరు మడత చప్పుడు వినిపించడం మానేసింది, అంటే వీర్రాజు కూడా చెవులు రిక్కించాడన్నమాట. నా పళ్ళ కింద ఫణి తల వెచ్చగా ఉంది, నా మీద రత్నం వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ ఇద్దరి మధ్య ఇరుక్కుని ఉన్న నాకు అప్పుడే తట్టింది, ఈ జుట్టుకు నేను ఒక్కదాన్నే సంతోషిస్తున్నానని. చిన్నవెంకన్నా, నా ఉద్యోగం పోతే పోయింది, వీడి నోట మాట రప్పించమని మొక్కాను. నాకు వ్యతిరేకంగా నేను మొక్కుకోవడం అదే మొదలు.

ఇప్పుడు బొమ్మ తల దువ్వుతున్నానన్నానే, ఆ బొమ్మ ఫణి కూతురిది. ఆ పొద్దున్న వరండాలో ఆ పాప ఇంకా ఎక్కడా లేదు, వాళ్ళ నానమ్మ భయంలో తప్ప.

రత్నం కొంగు తీసి మొహం తుడుచుకుంది. ఇక జవాబు రాదనుకుని నన్ను బయటికి లాగబోయింది. ఫణి చెయ్యి పైకి వచ్చి ఆమె చేతిని, నాతో సహా, అక్కడే పట్టుకుంది.

“రేపు చిన్నతిరుపతికి మొదటి బస్సు ఎన్నింటికమ్మా?” అన్నాడు. “దారిలో డాక్టరమ్మకు కూడా చెప్పేసి పోదాం. ఇందును కూడా రమ్మంటాను, చెప్పాల్సింది ఉంది. నువ్వంటే పీటల మీద తడుముకున్నావు. తను నా గుండు ముందే చూసుకుంటుంది.”